మీది మాగాణా, మెట్టా?

హైదరాబాదులో పెళ్లీడుకొచ్చిన ఇద్దరు మొదటిసారి కాఫీకి కలిస్తే మాట్లాడుకోవడానికి ఉండే సరుకు చాలా తక్కువ. మొదటి పావుగంట ట్రాఫిక్కే తినేస్తుంది. ‘‘ఎటునుంచి వచ్చారు?’’ ‘‘గచ్చిబౌలి ఫ్లైఓవర్ మీంచి.’’ ‘‘అయ్యో!’’ ఆ అయ్యో అయ్యాక ఆఫీసు. వారానికి ఎన్నిరోజులు వెళ్లాలి, క్యాబ్ ఇస్తారా, మేనేజరు ఏ ఊరివాడు. తర్వాత ట్రిప్పులు. అబ్బాయి లడఖ్‌కి బైకు మీద వెళ్లొచ్చి ఉంటాడు. వెళ్లని అబ్బాయి నాకింతవరకూ తగల్లేదు. ఆ కొండల్లో ట్రాఫిక్ జామంతా మన కూకట్‌పల్లి వాళ్లదేనని నా అనుమానం. అబ్బాయి లడఖ్ దిగేసరికి కప్పులో కాఫీ, నోట్లో మాట రెండూ అయిపోతాయి. ఇక ఇద్దరూ బల్లమీద బోర్లించిన ఫోన్లు తిప్పి చూసుకోవడమే.

నాకా కరువు లేదు. నా దగ్గర సరుకు టన్నుల్లెక్కన ఉంటుంది. పల్నాడులో మిర్చి రైతు కూతుర్ని. బాపట్ల వ్యవసాయ కళాశాలలో బీఎస్సీ చేసి, ఇంటింటికీ కూరగాయలు చేరవేసే ఒక కంపెనీలో కొనుగోళ్లు చూస్తున్నాను. తెల్లారకముందే ఏ మార్కెట్లో ఏ రేటు పలికిందో కనుక్కోవడం, రాని లోడు ఎక్కడ ఆగిందో డ్రైవర్లని అడగడం, ‘బెండకాయ ముదిరిపోయింది’ అని రాసిన కస్టమర్లకి క్షమాపణలు పంపించడం నా కొలువు. కాబట్టి ఎదుట కూర్చున్న మనిషి సంగతి బొత్తిగా తెలియకపోయినా నాకు బెంగలేదు. అతని ప్లేటులో ఏముందో కనిపిస్తే చాలు, గంటసేపు నడిపించేస్తాను.

స్నేహితురాళ్లు దీన్ని జబ్బంటారు. ‘‘మొదటిరోజే ఉల్లిపాయల ఎగుమతి సుంకం గురించి మాట్లాడితే ఎవడే నిన్ను చేసుకునేది?’’ అంటుంది మా రూమ్మేటు. ఆవిడ మాట్లాడేది వెబ్ సిరీస్‌ల గురించి. ఆవిడకీ ఇంకా పెళ్లి కాలేదు.

నా పద్ధతి చెబుతాను. వెళ్లగానే ఫ్రెంచ్ ఫ్రైస్ చెప్పాలి. ఖర్చు తక్కువ, కథ ఎక్కువ. ‘‘ఇంట్లో చేస్తే ఇవి ఇలా రావు, గమనించారా?’’ అని మొదలుపెట్టాలి. గమనించని మనిషి ఉండడు. పైన నల్లబడతాయి, లోపల మెత్తబడతాయి. అందులో అమ్మ తప్పేం లేదు. మనం కూర వండుకునే ఆలుగడ్డ ఆగ్రా వైపు కోల్డ్ స్టోరేజీల్లో నెలల తరబడి రెండు నుంచి నాలుగు డిగ్రీల చలిలో పడుకుని వస్తుంది. ఆ చలికి దానిలో పిండి కొంత చక్కెరగా మారుతుంది. చక్కెర నూనెలో పడితే మాడక ఏం చేస్తుంది? అందుకే ఫ్రైస్‌కీ చిప్స్‌కీ వేరే రకాలు వేస్తారు. వాటిని అంత చలిలో పెట్టకుండా పది, పన్నెండు డిగ్రీల దగ్గర నిలవచేసి, మొలక రాకుండా మందు పొగ పెడతారు. ఈ పంటకి గుజరాత్‌లో బనాస్‌కాంఠా, మెహసానా జిల్లాలు పెట్టింది పేరు. ఒకప్పుడు ఫ్రైస్‌ని విదేశాల నుంచి తెప్పించుకున్న మనం ఇప్పుడు విదేశాలకే పంపిస్తున్నాం.

ఇంతవరకూ చెప్పేసరికి అబ్బాయి ఒక ఫ్రై తీసి లైటు వెలుతురుకి పెట్టి చూస్తాడు. చూశాడంటే లడఖ్ మర్చిపోయాడన్నమాట.

ఒకసారి ఇదే ఊపులో ‘‘చిప్స్‌కైతే లేడీ రొసెట్టా బాగుంటుంది’’ అన్నాను. ‘‘ఎవరు, మీ రూమ్మేటా?’’ అన్నాడు. అది ఆలుగడ్డ రకం పేరని చెప్పి, అక్కణ్నుంచి కోర్టు కేసులోకి తీసుకెళ్లాను. 2019లో పెప్సికో కంపెనీ, తను రిజిస్టరు చేయించుకున్న మరో చిప్స్ రకాన్ని అనుమతి లేకుండా పండించారని గుజరాత్‌లో కొందరు రైతుల మీద దావా వేసి, వాళ్లలో కొందరిని తలా కోటి రూపాయలకు పైగా కట్టమంది. దేశమంతా గోల లేచేసరికి కేసులు వెనక్కి తీసుకుంది. ఆ అబ్బాయి లాయరు. ఆ సాయంత్రం మొక్కల రకాల చట్టం మీద ఆయన చెప్పింది నేను, ఆలుగడ్డ మీద నేను చెప్పింది ఆయన శ్రద్ధగా విన్నాం. సంబంధం కుదరలేదు గానీ, ఇప్పటికీ ఏదైనా అగ్రిమెంటు కాగితం అర్థంకాకపోతే ఆయనకే పంపిస్తాను. ఫీజు తీసుకోడు. లడఖ్ కబుర్లతో ఇంత లాభం ఎవరికైనా వచ్చిందా?

కాఫీ షాపుల్లో సరుకు కప్పులోనే ఉంటుంది. బోర్డు మీద ‘అరకు’ అని రాసుంటే నా పని సులువు. అల్లూరి సీతారామరాజు జిల్లా కొండల్లో గిరిజన రైతులు సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ పెంచుతారు. ఆ చెట్టుకే మిరియాల తీగ పాకిస్తారు. కింద కాఫీ, పైన మిరియం, మధ్యలో నీడ. 2019లో అరకు అరబికాకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇది చెబితే అబ్బాయిలు మనకూ ఒక గొప్ప వస్తువుందని ఛాతీ విరుచుకుంటారు. అప్పుడు మెల్లిగా, ‘‘మీ ఇంట్లో తాగే ఫిల్టర్ కాఫీలో చికోరీ ఎంత?’’ అని అడగాలి. చికోరీ ఒక మొక్క వేరు. దాన్ని వేయించి పొడి కొట్టి కలుపుతారు. ‘కాఫీ అంటే మా అమ్మమ్మ చేతి కాఫీయే’ అన్న ఒకాయన, అమ్మమ్మ పొడిలో మూడోవంతుకు పైగా గుజరాత్ వేరు ఉందని డబ్బా మీద చదివి తెలుసుకున్నాడు. ఫోటో తీసి పంపించాడు. కింద మాటేమీ రాయలేదు.

పిజ్జా బల్లమీదకొస్తే టమాటా. ఇది జాగ్రత్తగా వాడాల్సిన సరుకు, ఎందుకంటే ఇందులో కన్నీళ్లున్నాయి. 2023 జూలైలో మదనపల్లె మార్కెట్లో కిలో రెండొందల దరిదాపులకి వెళ్లింది. ఆ రోజుల్లో కొన్ని మెక్‌డొనాల్డ్స్ షాపులు బర్గర్లలో టమాటా ముక్క మానేశాయి. టమాటా తోటలకి రైతులు రాత్రిళ్లు కాపలా పడుకున్నారు. రేటు చూసి ఊరూరా నారు పోశారు. నాటిన రెండు నెలలకి, మరో వారం పది రోజులు అటూఇటూగా, కాపు మొదలవుతుంది. అంటే సెప్టెంబరు. అందరి పంటా ఒకేసారి దిగింది. పత్తికొండ వైపు కిలో పదికి కొనేవాడు లేక క్రేట్లకి క్రేట్లు రోడ్డు పక్కన కుమ్మరించారు. ధర చూసి వేసినవాడికి ధర దక్కదు, దిగులుపడి మానేసినవాడు మరుసటి ఏడాది రేటు చూసి ఏడుస్తాడు.

ఇది విన్నాక అబ్బాయి అడిగే మొదటి ప్రశ్న చాలా ముఖ్యం. నేను వీళ్లని గ్రేడింగ్ చేసేది అక్కడే. మా కలెక్షన్ సెంటర్లో టమాటాని ఎలా చూస్తామో చెబితే మీకు అర్థమవుతుంది. దూరం వెళ్లే లోడుకి పూర్తిగా ఎర్రబడ్డ కాయ పనికిరాదు, దోరగా రంగు తిరిగినది కావాలి. కాయని అరచేతిలోకి తీసుకుని బొటనవేలితో తొడిమ పక్కన చిన్నగా నొక్కుతాం. వేలి గుర్తు మిగిలితే ఊళ్లోకే. మిగలకపోతే లారీ ఎక్కించొచ్చు. తొడిమ పచ్చగా ఉంటే కోసింది ఇవాళే. నల్లబడితే నిన్నటి సరుకుని ఇవాళ్టిదని అంటగడుతున్నారు. మనుషులకి తొడిమలుండవు కాబట్టి ప్రశ్నల మీద ఆధారపడతాను.

‘‘మరి ఆ రైతులు ఏం చేశారండీ?’’ అన్నవాడు మొదటి గ్రేడు. అరుదుగా వస్తుంది, వచ్చినా కిలో కూడా తూగదు.

‘‘మరి జూలైలో అమ్మినవాడికి ఎంత మిగిలుంటుంది? మనమూ వేస్తే?’’ అన్నవాడు రెండో గ్రేడు. ఈ రకం అబ్బాయి దగ్గర శంకర్‌పల్లి వైపో షాద్‌నగర్ వైపో కొన్ని గుంటల ‘ఫామ్ ల్యాండ్’ ఉంటుంది. గేటు ఉంటుంది, గేటు మీద ఇంగ్లీషు పేరుంటుంది, లోపల ఒక మామిడి మొక్క, ఒక ఉయ్యాల ఉంటాయి. ‘‘పనెక్కువ ఉండకూడదు, నీళ్లెక్కువ అడగకూడదు, నెలకోసారి వెళ్లి చూసొస్తే చాలు, మంచి రిటర్న్స్ రావాలి. అలాంటి పంట చెప్పండి’’ అన్నాడొకాయన. ‘‘పక్కవాడి పంట’’ అన్నాను. ఆయన దాన్ని ఫోన్లో రాసుకోబోయి ఆగాడు.

‘‘మేం ఆర్గానిక్ తప్ప తినమండీ’’ అన్నది మూడో రకం. ఎలా గుర్తుపడతారని అడిగితే, పుచ్చుంటే ఆర్గానిక్ అంటారు. మందు కొట్టినా చావని పురుగులు మా ఊళ్లో బోలెడున్నాయి. 2021లో మిరప తోటల్లోకి నల్ల తామర పురుగు దిగితే మా నాన్న కొట్టని మందు లేదు, పూతలో దూరిన ఆ పురుగు కదిలితేనా! ఆ లెక్కన ఆ ఏడాది మా తోటంత ఆర్గానిక్ తోట దేశంలో ఉండి ఉండదు.

నాలుగో రకం హైదరాబాదులో అడుగడుగునా దొరుకుతుంది. ‘‘దళారుల్ని తీసేస్తే సరిపోతుంది కదండీ? ఒక యాప్ పెడితే?’’ ఈ యాప్ ప్రతి ఇంజినీరు మనసులోనూ ఉంది. డబ్బులు పెట్టేవాడు దొరకడమే ఆలస్యం. వీళ్లకి చెప్పడానికి నా దగ్గర ఒక లెక్కుంది. దాన్ని బిల్లు వచ్చినప్పుడే తీస్తాను, ముందు తీస్తే తిండి సహించదు. 2024లో రిజర్వు బ్యాంకు పరిశోధకులు తేల్చిన లెక్క ప్రకారం, మనం టమాటాకి పెట్టే రూపాయిలో రైతుకి అందేది 33 పైసలు. ఉల్లికి 36, ఆలుకి 37. ‘‘చూశారా, మిగతాదంతా దళారే తింటున్నాడు’’ అని బల్ల చరుస్తారు. మిగతాదాంట్లో హమాలీ ఉన్నాడు, లారీ డీజిలుంది, క్రేటు అద్దె ఉంది, దారిలో కుళ్లిందుంది, కొట్టు అద్దె ఉంది, మేం ఇచ్చే ‘ఫ్రీ డెలివరీ’ కూడా ఉంది. ఇవన్నీ యాప్ పెట్టినా పోవు. ఆ మాట అనగానే అబ్బాయి మొహం చిన్నబోతుంది. బిల్లు సగం సగం పంచుకుంటాం.

ఇక ఐదోది, ‘‘మాకూ పొలం ఉందండీ.’’ ఎక్కడా? గోదావరి జిల్లాలో. ఎంత? పది పదిహేను ఉంటుంది. ఇప్పుడేం వేశారు? ‘‘అదీ… నాన్నని అడగాలి.’’ నాన్నని అడిగితే కౌలు రైతుని అడగాలంటాడు. ఈ సంబంధాలు మా అమ్మకి తెగ నచ్చుతాయి.

ఈ విద్యలో కూడదనే జాబితా కూడా ఉంది. గోబీ మంచూరియా తింటున్నవాడితో పురుగుల ప్రస్తావన కూడదు. ఆపిల్ కోసుకు తింటున్నవాడికి దాని వయసు చెప్పకూడదు. వేసవిలో మనం కొనే కశ్మీర్ ఆపిల్ కిందటి శరత్కాలంలో కోసి, ఆక్సిజన్ తగ్గించిన గదుల్లో నిద్రపుచ్చినదై ఉంటుంది. చెబితే మనిషి పచ్చబడతాడు. రొయ్యల వేపుడు దగ్గర, ఈ వెనామీ రొయ్య పసిఫిక్ సముద్రం అవతలి జాతి, 2009 తర్వాతే మన చెరువుల్లోకి వచ్చింది అనొచ్చుగానీ, భీమవరం వాళ్ల ముందు అనకూడదు. వాళ్లకి మనకంటే ఎక్కువ తెలుసు, పైగా కిలోకి ఎన్ని రొయ్యలో కౌంటు చెప్పమంటారు.

అన్నిటికంటే ప్రమాదం అరటిపండు. ఒక జ్యూస్ సెంటరు ముందు నిలబడి, గెలలు చూస్తూ, ‘‘పండిన కాయ పక్కన పచ్చికాయ పెట్టండి, అదీ పండుతుంది. పండులోంచి ఎథిలీన్ అనే వాయువు వస్తుంది, దాని గాలి సోకితే చాలు’’ అన్నాను. నా ఉద్దేశం మగ్గబెట్టే గదుల గురించి. కార్బైడ్ నిషేధం, ఎథిలీన్ అయితే నూరు పీపీఎం దాకా వాడొచ్చు, అదీ నేను ఎత్తుకోబోయే విషయం. ఆయన చిరునవ్వుతో ఒకడుగు దగ్గరికి జరిగాడు. నేను కార్బైడ్ దగ్గరికి వెళ్లేసరికి రెండడుగులు వెనక్కి జరిగాడు. రాత్రి మెసేజ్ పెట్టాడు: ‘యూ ఆర్ వెరీ ఇన్‌ఫర్మేటివ్.’ ఆ మెసేజ్ తర్వాత ఎవరూ మళ్లీ కలవరు.

మిరపకాయ సంగతి వేరు. అది నా సొంత ఇలాకా. ‘‘నాకు స్పైసీ అంటే ప్రాణమండీ’’ అని చెప్పుకునే అబ్బాయిలు చాలామంది. ఏ కాయ అని అడుగుతాను. కాయలో రకాలుంటాయా అంటారు. గుంటూరు మిర్చి యార్డులో అడుగుపెడితే తెలుస్తుంది. తేజ, 334, 341, బాడిగ, ఆర్మూరు. తేజకి ఘాటు, బాడిగకి రంగు. ఎండ, తడి తగిలి తెల్లబారినవి తాలుకాయలు, వాటికి వేరే రేటు. కొనేవాడు టిక్కీలో, అంటే మిర్చి బస్తాలో, పైన కనిపించే కాయ ముట్టుకోడు. మోచేతిదాకా లోపలికి పెట్టి అడుగు కాయ లాగుతాడు. గుప్పిట్లో పట్టి నలిపితే గలగలమనాలి. మెత్తగా అణిగితే తేమ ఉన్నట్టు. ఒకటి విరిచి గింజ రంగు చూస్తాడు, ఓ తుమ్ము తుమ్ముతాడు, అయిష్టంగా ఒక రేటు చెబుతాడు. ఎంత మంచి కాయైనా ఆ అయిష్టం మాత్రం తప్పదు. మా నాన్న ఆ మొహాలు జీవితమంతా చూసి చూసి, పెళ్లిచూపులకొచ్చే మగపెళ్లివారి మొహాలు చూస్తే ఇట్టే కనిపెట్టేస్తాడు. ‘‘సరుకు నచ్చింది, రేటు తగ్గించడానికి అలా పెట్టారు’’ అంటాడు.

ఘాటైన కాయల సారం తీసి చేసేదే పెప్పర్ స్ప్రే అని కూడా మొదటి పరిచయంలోనే చెబుతాను. మిర్చి రైతు కూతుర్నని ముందే చెప్పాను కదా, మిగతాది వాళ్లే ఊహించుకుంటారు. అందరూ చాలా మర్యాదగా ఉంటారు.

రూమ్మేటు అన్న మాట దగ్గరికి వస్తాను. తొలి పరిచయంలో పంటల గోల ఏమిటి అని కదా ఆవిడ బాధ. అసలు మన దేశంలో పెళ్లి మాటలు ఇంకే విషయం మీద మొదలయ్యాయి? మా నాయనమ్మని చూడడానికి వచ్చినప్పుడు ఆవిడని చూసింది ఆఖర్న. ముందు గడ్డివాము ఎత్తు చూశారు, కొట్టంలో గొడ్లని లెక్కపెట్టారు, దూడ నోరు తెరిచి పళ్లు చూశారు. ఆ తర్వాత ప్రశ్నలు: మాగాణా, మెట్టా? నల్లరేగడా, చవుడా? నీళ్లు బావివా, వానవా? పిల్ల చదువు గురించి ఒక్క ప్రశ్నా లేదు. నాయనమ్మ ఇప్పటికీ ఆ లోటు ఎత్తి చూపుతుంది, తను ఐదో తరగతి ఫస్టున ప్యాసయినందుకు.

మాది మెట్ట ఊరు. ఆ రోజుల్లో మావైపు పిల్లనివ్వడానికి డెల్టావాళ్లు మూతి తిప్పేవారట. మూడు పూటలా జొన్నన్నం, మైలు దూరంలో మంచినీళ్లు, ఎవరిస్తారు? 1967 ఆగస్టులో ఇందిరాగాంధీ వచ్చి నాగార్జునసాగర్ కాలువలకి నీళ్లు వదిలింది. కాలువ మా పొలిమేర దాకా రాగానే మా ఊరి మగపిల్లల రేటు పెరిగింది. మా తాత తమ్ముళ్లకి తెనాలి సంబంధాలు వచ్చాయి. ‘‘ఇందిరమ్మ ఇచ్చిన పెళ్లాం’’ అని మా చినతాత నాయనమ్మల ముందే అనేవాడు, చిన్ననాయనమ్మ గరిటె తీసుకునేదాకా.

తర్వాత బాపట్లలో 1986లో సాంబ మసూరి వచ్చింది, బీపీటీ 5204. సన్నబియ్యం తింటున్నామా, లావుబియ్యమా అన్నది కూడా సంబంధాల్లో చేరింది. మగపెళ్లివారికి లావుబియ్యం వండితే అది మాట దక్కని అవమానం. నేను చదివిన కాలేజీ ఊళ్లోనే పుట్టిన ఆ వంగడం నాకంటే పెద్దది. బిర్యానీ తినే అబ్బాయిలకి అదీ చెబుతాను, వాళ్లు తినేది మాత్రం బాస్మతి, పంజాబ్, హర్యానాల వైపు నుంచి వచ్చింది, కొత్త బియ్యమైతే ముద్దవుతుంది కాబట్టి పాతబెట్టింది అని కలిపి. కాబట్టి నేను కొత్తగా కనిపెట్టిందేమీ లేదు. ఇదివరకు పెద్దలు అరుగుమీద కూర్చుని అడిగినవే నేను ఏసీలో కూర్చుని అడుగుతున్నాను. అప్పుడు నీ దగ్గరేముంది అని అడిగేవారు, నేను నీ ప్లేటులోది ఎక్కణ్నుంచి వచ్చింది అంటున్నాను. రెంటికీ జవాబు చెప్పలేనివాడితో కాపురం కష్టం.

మొన్న చలికాలంలో అమ్మ పంపిన సంబంధం ఒకటి కలిశాను. తాడేపల్లిగూడెం అబ్బాయి, ఇక్కడ బ్యాంకులో ఉద్యోగం. కబాబులు చెప్పాం. అలవాటుగా ఉల్లిపాయ ఎత్తుకున్నాను. ‘‘లాసల్‌గావ్ ఉల్లి మార్కెట్లో రేటు కదిలితే ఢిల్లీ కదులుతుందండీ. 1998లో ఉల్లి ధర దెబ్బకి ఢిల్లీ ప్రభుత్వమే…’’ అంటూ ఉండగా ఆయన చెయ్యి చాపి ప్లేటు పక్కనున్న పచ్చి ఉల్లి చక్రం తీసుకున్నాడు. వేళ్ల మధ్య రింగులు విడదీశాడు. వాసన చూశాడు. అంచున మిగిలిన ఎండు పొరని గోటితో గీకాడు.

‘‘ఇది కర్నూలుది కాదు. కర్నూలుదైతే పొర పలచగా ఉంటుంది, నీరెక్కువ, ఇన్నాళ్లు ఆగదు. మహారాష్ట్రది. కిందటి వేసవి పంట, గిడ్డంగిలో పెట్టి తీసింది. చివర మొలక చూడండి.’’

చూశాను. లోపల పచ్చగా మొలక.

నా ఇలాకాలోకి ఒక మనిషి ఇంత ధైర్యంగా రావడం అదే మొదలు. ‘‘మీకెలా తెలుసు?’’ అన్నాను.

‘‘మాది ఉల్లి కమీషన్ కొట్టండి’’ అన్నాడు. కొంచెం ఆగి, ‘‘మీరు యాప్ పెట్టి తీసేద్దామనుకునే దళారులం మేమే’’ అని నవ్వాడు.

ఆ యాప్ నాది కాదని చెప్పుకునే అవకాశం ఆయన ఇవ్వలేదు. మొదలుపెట్టాడు. కర్నూల్లో ముసురు పడితే తడి సరుకు వస్తుంది. గుట్ట పోస్తే లోపల వేడెక్కి మర్నాటికి కంపు. కొన్న వ్యాపారి డబ్బు వారానికో నెలకో ఇస్తాడు, రైతు మాత్రం బండి దిగగానే అడుగుతాడు, వాడికి ఊళ్లో అప్పుంది. ఆ మధ్యలో డబ్బు పెట్టేది ఎవరు? విత్తనాలకి ఇచ్చేది ఎవరు? రైతు కూతురి పెళ్లికి ఇచ్చేది ఎవరు? నేను ఊరుకుంటానా? ఆ ఇచ్చినందుకు వడ్డీ ఎంత, ఇచ్చినవాడి కొట్టుకే సరుకు తేవాలన్న షరతు ఎందుకు, కాటాలో తరుగు ఎవరి ఖాతాలో పడుతుంది అని అడిగాను. ఆయన తరుగు దగ్గర తడబడ్డాడు, నేను అప్పు దగ్గర తడబడ్డాను. 2023 ఆగస్టులో ఎగుమతి మీద నలభై శాతం సుంకం వేశారు, డిసెంబరుకి ఏకంగా ఎగుమతే ఆపేశారు. ఆ రెంటి మీదా మాత్రం ఇద్దరం ఒకే మాట అన్నాం, అదీ గట్టిగా అరిచి. పక్క బల్లవాళ్లు లేచి వేరే బల్లకి వెళ్లారు. వెయిటరు కుర్చీలు బోర్లిస్తూ మా బల్ల చుట్టూ తిరిగాడు. లడఖ్ ఊసే రాలేదు. ఇంటికొచ్చాక గుర్తొచ్చింది, ఆయన జీతమెంతో అడగలేదని. ఆయనా అడగలేదు.

రాత్రి అమ్మ ఫోను. ‘‘అబ్బాయి ఎట్టా ఉన్నాడే?’’

‘‘ఉల్లిపాయ చూసి ఏ ఊరిదో చెబుతాడమ్మా.’’

‘‘అదేం ఉద్యోగం? బ్యాంకన్నారే!’’

విషయం చెప్పాను. అటువైపు కాసేపు నిశ్శబ్దం. అమ్మ మధ్యవర్తిని తిట్టుకోవడానికి సరిపడా మాటలు ఏరుకుంటోంది. ‘‘కమీషన్ కొట్టువాళ్లా? ఇన్నేళ్లు మన దగ్గర కోసుకున్నది చాలక, పిల్లని కూడా తీసుకుపోతారంటనా?’’

ఈలోగా నాన్న ఫోను లాక్కున్నాడు. అమ్మ మాటల్లో ఆయనకి వినపడింది ఒక్క ముక్కే, కమీషన్ కొట్టు. మా మిర్చి అప్పటికి కోల్డ్ స్టోరేజీలో ఉంది. 2025 ఫిబ్రవరిలో ధర పడిపోయి, కేంద్రం జోక్యం చేసుకుని క్వింటాకి 11,781 రూపాయల ధర ప్రకటించిన ఏడాది సరుకు. అమ్మాలా, ఆపాలా అని నెలలుగా ఆయనకి నిద్రలేదు.

‘‘ఏమ్మా, కులం గోత్రం మీ అమ్మ చూసుకుంటదిలే’’ అన్నాడు. ‘‘మన టిక్కీలు ఇప్పుడు తీసేయాలో, ఇంకా ఉంచాలో ఆ అబ్బాయిని కనుక్కో.’’

కనుక్కున్నాను. మిర్చి తన సబ్జెక్టు కాదంటూనే, సగం అమ్మి సగం ఉంచమన్నాడు. కమీషన్ కొట్టులో పుట్టిన పిల్లాడు ఎటూ తేల్చకుండా చెప్పే సలహా అదే. నాన్న సగం అమ్మాడు. అమ్మిన వారానికి రేటు పెరిగింది, ఆ పైవారం తగ్గింది. ఇప్పుడు మా ఇంట్లో అమ్మిన సగం చూపించి అమ్మ ఆ సంబంధం వద్దంటోంది, ఉంచిన సగం చూపించి నాన్న ఖాయం చేద్దామంటున్నాడు.